కరిగించకండి, అమ్మండి

2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. అక్కడితో ఆగకుండా పైపైకి పోయింది. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడల్లా ఒడిశాలోని బరంపురంలో నాకు ఫోన్లు పెరుగుతాయి. "మామ్మ వెండి బీరువాలో ఉంది, ఇప్పుడు తీసేస్తే మంచిదేనా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు మన తెలుగువాళ్ల ఇళ్లలో రెండు జవాబులు తిరుగుతుంటాయి. "ఇంటి వెండి అమ్ముకోవడమేంటి, లక్ష్మి వెళ్లిపోతుంది" అనేది ఒకటి. "పాతబడిపోయింది, కరిగించి కొత్తది చేయించుకుందాం" అనేది రెండోది. తమాషా ఏమిటంటే, మొదటి మాట గట్టిగా అన్న ఇంట్లోనే ఆర్నెల్లు తిరక్కుండా రెండో పని జరుగుతుంది. అమ్మితే పరువు తక్కువట, కరిగిస్తే ఏమీ కాదట.

నేను సరిగ్గా దీనికి ఎదురు చెప్తాను. ఉంచుకోగలిగితే ఉంచుకోండి. లేదంటే అమ్మండి, కరిగించడం మాత్రం వద్దు. పాత సామాన్లు కొని అమ్మడమే నా బతుకు కాబట్టి ఈ మాటలో నా లాభం కూడా ఉంది. ఉన్నా సరే, మాట మాటే.

ముందు మన గంజాం జిల్లా ఇళ్లలో ఇలాంటివి ఎందుకింత ఉంటాయో చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. కోర్టు పనికీ పెద్ద చదువుకీ మద్రాసు వెళ్లొచ్చినవాళ్లు అక్కడి వెండి తెచ్చారు. గోపాలపూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన రోజుల్లో కూలికి వెళ్లినవాళ్లూ వ్యాపారానికి వెళ్లినవాళ్లూ లక్క పెట్టెలూ వెండి గిన్నెలూ తెచ్చారు. రైలు వచ్చాక కలకత్తా దగ్గరైంది. ఇక కటకం తారకాసి ఎలాగూ ఉంది, సన్నటి వెండి తీగలతో చేసే ఆ పనికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఇన్ని దిక్కుల సరుకు బరంపురం బడాబజార్ వెనక సందుల్లో, పర్లాకిమిడి పాత పెంకుటిళ్లలో, కోరాపుట్ జిల్లా జైపూర్ వైపు స్థిరపడిన మనవాళ్ల అటకల మీద చేరి కూర్చుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే కుటుంబాల బీరువాలు కూడా అలాగే ఉంటాయి. ఒకే అరలో మద్రాసు పన్నీరు బుడ్డి, బెల్లగుంఠ ఇత్తడి చేప, జపాన్ కప్పులు.

"కరిగించడం మన పద్ధతే కదా, కొత్తగా మీకెందుకు బాధ?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఆయన మాటలో నిజముంది కాబట్టి కొంచెం వివరంగా జవాబు చెప్తాను.

అప్పట్లో తులమంటే రూపాయి ఎత్తు. 1835 నుంచి వచ్చిన కంపెనీ రూపాయి, ఆ తర్వాత విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయిలు అన్నీ 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. పల్లెల్లో పిల్ల పెళ్లి కుదిరితే ఇన్ని రూపాయలని లెక్కపెట్టి కంసాలి చేతికిచ్చేవారు, ఆయన వాటినే మూసలో వేసి కడియాలు చేసేవాడు. ఖర్చుకి డబ్బు కావలసి వస్తే అవే కడియాలు మళ్లీ షావుకారు త్రాసు ఎక్కేవి. ఈ దేశం వెండిని ఎంతగా పీల్చుకుందంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి టంకశాలలకు వెండి చాలక, 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి పాతిక కోట్లకు పైగా తన వెండి డాలర్లను కరిగించింది. అందులో చాలా భాగం ఇండియాకే వచ్చింది. కాబట్టి మీ ముత్తవ్వ కాలి కడియాల్లో కాస్త అమెరికా డాలర్ కూడా ఉండి ఉండవచ్చు. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండి సగానికి తగ్గించింది, 1947కి నికెల్ రూపాయే వచ్చింది. అందుకే ఇప్పటికీ పల్లెటూళ్ల ముసలమ్మలు నాణెం తేదీ చూడకుండా మోగించి చూస్తారు.

అంటే కరిగించడం పాత అలవాటే, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు కరిగించిన చేతే మళ్లీ తీర్చేది. కడియం పోతే కడియమే వచ్చేది, పనితనం తగ్గేది కాదు. ఇప్పుడు మీరిచ్చిన పాత వెండి ఆ షాపు వెనక కొలిమి దగ్గర కూడా ఆగదు, రిఫైనరీకి పోయి కడ్డీ అవుతుంది. మీకు దొరికేది మిషన్ మీద అచ్చు గుద్దిన పల్చటి కంచం, నాలుగేళ్లలో అంచు వంగిపోయే దీపపు కుందులు. వెండి ఎక్కడికీ పోదు, పోయేది దాని మీది పని. ఆ పని చేసే మనిషి ఇప్పుడు లేడు, ఉన్నా ఆ మజూరీకి చెయ్యడు.

కళ్లారా చూసినది చెప్తాను. ఒక ఇంట్లో ఆడపిల్ల పెళ్లికని పాత టీ పాట్ బయటికి తీశారు. నల్లగా ఉంది, మూత బిగుసుకుపోయింది. చుట్టూ దేవుళ్లు, ఒక్కొక్కరూ ఒక్కో గూటిలో నిలబడి ఉన్నారు, పిడి పాములా చుట్టుకుంది. ఊళ్లో నగల షాపు దాన్ని తూకం వేసి, టంకానికింత, మట్టికింత అని తరుగు తీసి ఒక రేటు చెప్పింది. ఆ ఇంటి పెద్దావిడ నాకు ఫోన్ చేసి, "బాబూ, మీరొకసారి చూసి చెప్తారా? దేవుడి బొమ్మలున్నాయి, కరిగించడానికి మనసొప్పడం లేదు" అన్నారు. "ఎవరికీ ఇవ్వకండి పిన్నిగారూ, తోమకండి కూడా, నేనొస్తున్నాను" అన్నాను.

అది స్వామి సిల్వర్ అనే రకం. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసులో పుట్టింది. ఇంగ్లీషువాళ్ల టీ సెట్టు ఆకారం, దాని మీద మన గుడి గోపురాల బొమ్మలు. మద్రాసు మౌంట్ రోడ్డు మీది పి. ఓర్ అండ్ సన్స్ దీనికి పేరు మోసిన కంపెనీ. తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయిన వేల్స్ యువరాజు 1875లో ఇండియా వచ్చినప్పుడు ఈ రకం వెండికి గిరాకీ ఇంకా పెరిగింది. దొరలు బంగళాల్లో వాడటానికీ, ఇంగ్లండ్‌కి పట్టుకెళ్లడానికీ కొన్నారు. మన జమీందార్లూ వకీళ్లూ వాళ్లను చూసి కొన్నారు. ఇలాంటి టీ పాట్‌కి పాత వస్తువులు సేకరించేవాళ్లు ఇచ్చేది తూకం ధర మీద కొన్ని రెట్లు. పిన్నిగారి టీ పాట్ అలాగే పోయింది, పెళ్లి ఖర్చు గట్టెక్కింది, పాట్ చెక్కుచెదరకుండా ఇంకొకరి అద్దాల బీరువాలో ఉంది. దీన్ని లక్ష్మి వెళ్లిపోవడమని ఎలా అంటారో నాకు అర్థం కాదు. మూసలో వేసి ఉంటే ఏ లక్ష్మి మిగిలేది?

సరే, మీ ఇంట్లోది ఏమిటో ఎలా తెలుసుకోవాలి? తిప్పి అడుగు చూడండి, అంతా అక్కడే ఉంటుంది. ఇంగ్లండ్ వెండి అయితే నడుస్తున్న సింహం ముద్ర కనిపిస్తుంది, అంటే వందకి 92.5 వంతుల వెండి అని. దాని పక్కన ఊరి గుర్తు ఉంటుంది. బర్మింగ్‌హామ్‌కి లంగరు, లండన్‌కి చిరుత తల, పాత షెఫీల్డ్‌కి కిరీటం. సంవత్సరం తెలిపే ఒక అక్షరం కూడా ఉంటుంది. ఇండియాలో చేసిన పాత వెండికి ఇవేవీ ఉండవు, ఎందుకంటే ఇక్కడ వెండికి హాల్‌మార్క్ 2005లోగానీ రాలేదు. మద్రాసు, కలకత్తా కంపెనీల వెండి మీద వాళ్ల పేరే గుద్ది ఉంటుంది, ఊరి కంసాలి పని అయితే అదీ ఉండదు. దేవుళ్ల బొమ్మలున్న గిన్నె అడుగున ఇంగ్లీషు సింహం కనిపిస్తే సంతోషపడకండి, అనుమానపడండి. పాత చెంచా మీది ముద్రను కోసి ఇంకో సామాను అడుగున అతికించే ఘనులున్నారు.

ఎక్కువమందికి నిరాశ మిగిల్చేది ఈపీఎన్ఎస్ అనే నాలుగక్షరాలు. అది వెండి పూత మాత్రమే, లోపల రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. మనం జర్మన్ సిల్వర్ అనేదీ అదే, పేరులో తప్ప అందులో వెండి లేదు. ఎల్కింగ్టన్ కంపెనీ 1840లో కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఈ సరుకు ప్రపంచమంతా నిండిపోయింది, గోపాలపూర్ హోటళ్ల నుంచి మన ప్లీడరు తాతయ్యల ఇళ్ల దాకా. మార్వాడీ షాపులో దీనికి విలువ లేదు, కాబట్టి తీసుకెళ్లినవాళ్లు అవమానంగా వెనక్కి తెచ్చి అటక మీద పడేస్తారు. తప్పు. మంచి ఆకారం, పూత చెదరని టోస్టు స్టాండు, మూతలున్న పెద్ద డిష్ అయితే అమ్ముడుపోతాయి. వెండి అంత కాదు, కానీ స్టీలు బకెట్టుకి మార్పిడి చేసుకునేంత తక్కువ కూడా కాదు.

తోమడం గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది, అది జబ్బు కాదు. నగిషీ సందుల్లో నిలిచిన ఆ నలుపే బొమ్మకి కన్నూ ముక్కూ తీరుస్తుంది. అమ్మే ముందు "శుభ్రంగా కనబడాలి కదా" అని విభూతి, పళ్లపొడి, చింతపండు, ఏది దొరికితే దానితో రుద్దుతారు. యూట్యూబ్ చూసి అల్యూమినియం ఫాయిల్, సోడా నీళ్లలో ముంచేవాళ్లు ఇప్పుడు కొత్తగా తయారయ్యారు. నలుపు పోతుంది నిజమే, సందుల్లోది కూడా పోయి సామానంతా నిన్న చేసినట్టు తెల్లగా చప్పగా అవుతుంది. పూత సామాను అయితే తోమినకొద్దీ పూతే పోతుంది. మెత్తటి నూలు గుడ్డతో తుడవండి, చాలు. రబ్బరు బ్యాండ్లు చుట్టకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది. సముద్రం పక్క ఇళ్లవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా, పొడిగా ఉండే పెట్టెలో పెట్టుకోవాలి.

పింగాణీకి కరిగే ప్రమాదం లేదు, పగిలే ప్రమాదం, పారేసే ప్రమాదం ఉన్నాయి. అందులోనూ అడుగే మాట్లాడుతుంది. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టంతో దిగుమతి సరుకు మీద దేశం పేరు వెయ్యడం తప్పనిసరైంది. అందుకే 1891 తర్వాతి ప్లేట్ల మీద ఇంగ్లండ్ అని కనబడుతుంది. జపాన్ సరుకు మీద 1921 దాకా నిప్పాన్ అని, ఆ తర్వాత జపాన్ అని ఉంటుంది. ఈ ముద్రలు అమెరికాకి పంపే సరుకు కోసం పెట్టినవే అయినా, మన దగ్గరికి చేరినవాటి వయసు పట్టడానికి కూడా పనికొస్తాయి. అన్నిటికన్నా నాకిష్టమైనవి జర్మనీలో, జపాన్‌లో మన కోసమే చేసిన దేవుడి బొమ్మలు. గులాబీ బుగ్గల కృష్ణుడు, దొరసాని ముఖంతో లక్ష్మి. బొమ్మల కొలువు మానేసిన ఇళ్లలో ఇవి పాత గుడ్డలు చుట్టి ట్రంకు పెట్టెల్లో పడి ఉంటాయి. "విరిగిన దేవుడి బొమ్మ ఇంట్లో ఉండకూడదు" అని చెయ్యి విరిగినదాన్ని చెరువులో వదిలేస్తారు. వదిలే ముందు నాకొక ఫోటో పంపండి.

రైల్వే సామాన్లలో మోసం ఎక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అని ఇంగ్లీషు అక్షరాలున్న ప్లేట్లు, లాంతర్లు అంటే జనం ఎగబడతారు. పర్లాకిమిడి రాజా నౌపడా నుంచి తన ఊరికి వేయించిన చిన్న లైను 1900లో మొదలైంది. ఆ బండి పేరు చెప్తే మన వైపు ఎవరికైనా మనసు కరుగుతుంది, అందుకే దాని పేరుతో నకిలీ సరుకు అమ్మడం మరీ తేలిక. కొత్త ఇత్తడి లాంతరు తెచ్చి, అక్షరాలు గుద్ది, పులుసులో నానబెట్టి పాతబరుస్తారు. నిజంగా వాడిన లాంతరుకి చెయ్యి తగిలే చోట మాత్రమే అరుగుదల ఉంటుంది. నకిలీకి అన్నివైపులా సమానంగా ఉంటుంది.

ఇక నాకూ నా వ్యాపారంలోని మిగతావాళ్లకీ అసలు తగవు వచ్చే చోటుకి వస్తాను. రాయగడ జిల్లాలో చాటికొణ సంతకి బుధవారం డొంగ్రియా కొంధు ఆదివాసులు కొండ దిగి వస్తారు. అలాంటి సంతల్లో తిరిగే దళారులున్నారు. బరువైన పాత వెండి కంటెలు, కడియాలు తీసుకుని, తళతళలాడే పల్చటి కొత్తవి ఇస్తారు, పైన కొంచెం డబ్బు. ఆ కంటె కొన్ని వారాల్లో ఏదో పెద్ద నగరంలో 'ట్రైబల్ సిల్వర్' బోర్డు కింద అద్దాల్లో వేలాడుతుంది. "వాళ్లిష్టపడే ఇచ్చారు, బలవంతం చెయ్యలేదు" అని దళారి వాదన. ధర తెలియని మనిషి ఇష్టపడటం ఇష్టపడటమేనా? బరంపురంలో పిన్నిగారికి ఫోన్ ఉంది, చదువుంది, ఇంకో షాపులో అడిగి చూసుకునే వీలుంది. సంతకి నడిచొచ్చిన ఆడమనిషికి ఆ త్రాసు చెప్పిందే వేదం. అమ్మండి, అమ్మండి అని అరిచే నా వాదన ఇక్కడ కుంటుతుంది. అవతలివాళ్లకి పై మార్కెట్ ధర ముందే చెప్పలేని చోట నేను కొనను. దీనివల్ల నాకు మంచి సరుకు పోతుంది, తోటి వ్యాపారులు నవ్వుతారు కూడా. నవ్వనీ.

చట్టం సంగతి చాలామంది అడగరు, నేనే చెప్తాను. 1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలు చేసిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాకృతి, పనితనమున్న వస్తువు, నాణెం, ఇవన్నీ పురావస్తువులే. వాటితో వ్యాపారం చెయ్యాలంటే పురావస్తు శాఖ లైసెన్సు ఉండాలి, రిజిస్టర్ రాయాలి. దేశం దాటించడం నేరం, జైలు ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా. అమెరికాలో ఉన్న మనవడికి ముత్తాత వెండి గిన్నె కొరియర్ చేద్దామనుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. పునాది తవ్వుతుంటే లంకె బిందె దొరికితే అది నేరుగా మీదైపోదు, జిల్లా కలెక్టరుకి చెప్పాల్సిందే, ఆ చట్టం 1878 నాటిది. గుడి విగ్రహాలు నా గుమ్మం ఎక్కవు. దంతం కూడా అంతే. విశాఖపట్నంలో ఒకప్పుడు దంతపు రేకులు పొదిగి చేసిన పెట్టెలు ఎంత అందంగా ఉన్నా, 1986 నుంచి మన ఏనుగు దంతం అమ్మకం నిషేధం, 1991 నుంచి ఆఫ్రికా దంతానిదీ అంతే. "ఇది మా తాతగారిది, పాతదే" అంటే వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. పర్లాకిమిడి కొమ్ము పనికి ఆ గొడవ లేదు, అది పశువుల కొమ్ము.

"అమ్మేస్తే ఇంటి జ్ఞాపకం పోదా?" అనేది మిగిలిన అభ్యంతరం. పోతుంది, కొంత. కానీ జ్ఞాపకం పేరుతో జరుగుతున్నదేమిటో కూడా చూడాలి. రెండేళ్లకోసారి జరిగే బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రకి బయటి ఊళ్ల నుంచి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వస్తారు. బీరువాలు తెరుచుకునేదీ పంపకాల మాట లేచేదీ అప్పుడే. టీ పాట్ పెద్దన్నయ్యకి, పాల గిన్నె చిన్నన్నయ్యకి, ట్రే చెల్లికి. ఎవరికీ అన్యాయం జరగలేదు, సెట్టుకి తప్ప. విడిపోయిన సెట్టు ముక్కలు తర్వాత ఒక్కొక్కటిగా తూకానికే పోతాయి, ఎందుకంటే మూత లేని పన్నీరు బుడ్డిని, జత పోయిన కుందిని ఎవరూ మంచి ధరకి కొనరు. పర్లాకిమిడి గంజపా పేక కూడా అంతే. గుడ్డకి చింతగింజల జిగురు పట్టించి గుండ్రంగా కోసి రంగులద్దిన ఆ ఆకుల్లో, తొంభై ఆరు ఉండాల్సిన చోట డెబ్బయ్యే ఉంటే పేక అనిపించుకోదు. ఒకరు మొత్తం తీసుకుని మిగతావాళ్లకి డబ్బివ్వండి. కుదరకపోతే మొత్తం కలిపి అమ్మి డబ్బు పంచుకోండి. దాన్ని కొన్నవాడికి అది ఎవరి ఇంటిదో, ఏ పెళ్లికి ఏ ఊళ్లో కొన్నారో ఒక కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం ఉంటే ధర కూడా పెరుగుతుంది, ఇది సెంటిమెంటు మాట కాదు.

షాపులు మూసేస్తున్న కంసాలి ఇళ్లలో ఈమధ్య ఇంకో రకం సరుకు బయటపడుతోంది. రేకు మీద బొమ్మ తేలడానికి వాడే కంచు అచ్చులు. మామిడి పిందెలు, హంసలు, జడబిళ్ల మీది సూర్యచంద్రులు. కొడుకులు వాటిని ఇత్తడి తుక్కుతో కలిపి కిలోల లెక్కన అమ్మేస్తున్నారు. వెండి కరిగితే ఒక వస్తువు పోతుంది, ఒక అచ్చు కరిగితే దాని నుంచి రాగల నమూనాలన్నీ పోతాయి. నేను వాటిని తుక్కు రేటు కన్నా ఎక్కువ పెట్టి కొంటున్నాను, సేకరించేవాళ్లకి మాత్రం అమ్మడం లేదు. మా సందులోనే ఇంకా కొలిమి ముట్టిస్తున్న కుర్రాడొకడున్నాడు, వాడికి వాడుకోమని ఇస్తున్నాను. కొన్న ధర నెలనెలా కొంచెం కొంచెం తీరుస్తాడు. మిషన్ సరుకుతో పోటీ పడలేనని గొణుగుతూనే కిందటి శ్రావణంలో హంసల కుంకుమ భరిణెలు చేశాడు. మజూరీ ఎక్కువని బేరమాడినవాళ్లున్నారు, అయినా చేసినవన్నీ పోయాయి.